లెక్కలోనివారు, లెక్కకు రానివారు

తెలుగున 'లెక్క' అను మాట చిన్నది; దాని అర్థములు రెండు. ఒకటొకటిగా ఎంచుట మొదటి అర్థము. విలువ నిచ్చుట రెండవ అర్థము. "బడిలో పిల్లల లెక్క ఎంత?" అని పర్యవేక్షకుడు అడిగినప్పుడు మొదటిది వినబడును. "ఆయన మమ్ములను లెక్కచేయడు" అని చిన్న ఉద్యోగి నిట్టూర్చినప్పుడు రెండవది వినబడును. ఎంచబడినవారందరును లెక్కకు వత్తురన్న నియమము లేదు. ఈ రెండు అర్థములకు నడుమ గల దూరము ఎంతయో చూచినచో ఒక దేశపు ప్రజాస్వామ్యము ఎంత నిజమైనదో తెలియును.

ఈ ఆలోచన కలిగించినది అమెరికా సంయుక్త రాష్ట్రముల జనగణన శాఖవారు ఏటేట వెలువరించు ఒక పట్టిక. ప్రతి రాష్ట్రమున, ప్రతి కౌంటీయందు, వోటువయస్సు వచ్చిన పౌరులు ఎందరుందురో అందులో అంచనావేసి చూపుదురు. పైకి అది వట్టి అంకెల వరుస. కాని ఆ అంకెలను బట్టి నియోజకవర్గముల గీతలు మారినవి. వోటుపత్రములపై భాషలు చేరినవి. ఆ దేశపు సుప్రీంకోర్టులో పెద్ద వాదములు నడచినవి. ఉపాధ్యాయులును విద్యార్థులును దానిని గూర్చి కొంత తెలిసికొనుట మంచిది. ఏలయన ఆ వాదములలో పదేపదే ప్రస్తావనకు వచ్చినవారు ఎవరో కారు, బడిపిల్లలు.

ఉదాహరణమునకు టెక్సాస్ రాష్ట్రమును తీసికొందము. అందు 254 కౌంటీలు కలవు. అమెరికాలో మఱి ఏ రాష్ట్రమునను ఇన్ని లేవు. కౌంటీని మన జిల్లాతో పోల్చుట వాడుక. కాని పోలిక కొంతవఱకే చెల్లును. టెక్సాస్ కౌంటీని పాలించువారు పైనుండి నియమింపబడిన అధికారులు కారు. ప్రజలు ఎన్నుకొన్న నలుగురు కమిషనర్లు, వారిపై కౌంటీ జడ్జి అను పేర ఎన్నికైన ఒక అధ్యక్షుడు. పరిమాణములోనో, ఒక కౌంటీకిని మఱియొక కౌంటీకిని హస్తిమశకాంతరము. 2020 జనగణనమున టెక్సాస్ జనసంఖ్య 2,91,45,505. హ్యూస్టన్ నగరమున్న హారిస్ కౌంటీ ఒక్కటే 47,31,145 మందితో రాష్ట్రజనములో ఆరవ పాలు కలిగియున్నది. పశ్చిమపు కొసనున్న లవింగ్ కౌంటీలో తేలినవారు 64 మంది. మన ఉన్నతపాఠశాలలో రద్దీగానుండు ఒక తరగతిగదిలో ఆ కౌంటీ జనమంతయు పట్టును.

వోటువయస్సు పౌరుల సంఖ్య ఎట్లు వచ్చును? ధాన్యమును జల్లెడ పట్టినట్లు జనసంఖ్యను రెండుమార్లు జల్లింపవలెను. మొదటి జల్లెడ వయస్సు. 1971లో వచ్చిన 26వ రాజ్యాంగ సవరణము ప్రకారము అమెరికాలో వోటువయస్సు 18 ఏండ్లు. ఈ జల్లెడతో టెక్సాస్ జనములో నాలుగవ పాలు క్రింద పడిపోవును. వారందరు పిల్లలు. రెండవ జల్లెడ పౌరసత్వము. ఆ దేశమున నివసించుచు, పనిచేయుచు, పన్నులు కట్టుచున్నను పౌరులు కానివారు ఇందులో జారిపోవుదురు. ఈ రెండును దాటి నిలిచినవారి సంఖ్యయే మనము చెప్పుకొను సంఖ్య.

ఈ రెండవ జల్లెడ అంత తిన్ననిది కాదు. పదేండ్లకొకమారు జరుగు పూర్తి జనగణనమున పౌరసత్వమును గూర్చిన ప్రశ్న అన్ని వేళలను లేదు. 1820లో తొలిసారిగా అడిగిరి. తరువాత కొన్ని మార్లు మానిరి, కొన్ని మార్లు అడిగిరి. 1970 మొదలు 2000 వఱకు ఎంపిక చేసిన కొన్ని ఇండ్లవారిని మాత్రమే అడిగిరి. 2005 నుండి దేశమంతట పూర్తిస్థాయిలో ఏటేట జరుగుచున్న మఱియొక పరిశీలనలో ఆ ప్రశ్న చేరినది. ఏటా సుమారు 35 లక్షల చిరునామాలకు ఆ పత్రమును పంపుదురు. ఐదేండ్ల సమాధానములను కూడగట్టి కౌంటీల అంచనాలను తయారుచేయుదురు. 2018లో వాణిజ్యశాఖ మంత్రి ఈ ప్రశ్నను 2020 నాటి పూర్తి జనగణనముననే చేర్చదలచెను. వోటుహక్కుల చట్టమును అమలుపఱచుటకు అది కావలెనని ఆయన చెప్పెను. 2019 జూన్ 27న సుప్రీంకోర్టు ఆ కారణము కల్పితముగా తోచుచున్నదని నిరాకరించెను. ప్రశ్న చేరలేదు. కాని దాని వెనుకనున్న భయము పాఠము వంటిది. ఆ ప్రశ్నను చూచి వలసవచ్చినవారు తలుపు తీయుటకే జంకుదురనియు, అందువలన తలల లెక్కయే తప్పుననియు పలువురు వాదించిరి. ఎంచువానియెడ నమ్మకము లేనిచోట ఎంచబడువాడు దాగును.

కావున ఈ పట్టికలోని ప్రతి సంఖ్య ప్రక్కను ఎంత హెచ్చుతగ్గుగా ఉండవచ్చునో తెలుపు మఱియొక సంఖ్య కూడ ఉండును. హారిస్ వంటి మహాకౌంటీకి ఆ దోషము లెక్కింపదగినది కాదు. అరువదినలుగురున్న లవింగ్ కౌంటీలో నాలుగిండ్లు ఎక్కువ చిక్కినను, తక్కువ చిక్కినను అంచనా తలక్రిందులగును. 65,000 కంటె తక్కువ జనమున్న చోట్లకు ఒక ఏటి పూర్తి అంచనాలను ఆ శాఖవారే ప్రకటింపరు. అంకె అచ్చయినంత మాత్రమున అది శిలాశాసనము కాదు. గణితోపాధ్యాయులు పిల్లలకు సరాసరి నేర్పుటతోపాటు, ఆ సరాసరిని ఎంతవఱకు నమ్మవచ్చునో కూడ నేర్పినచో మేలు.

ఇక దీని ప్రయోజనము. 1965 నాటి వోటుహక్కుల చట్టము నల్లజాతివారికిని, తరువాతి సవరణములచే ఇతర భాషావర్గముల వారికిని రక్షణ కల్పించుటకు పుట్టినది. ఒక వర్గమువారికి ఒక నియోజకవర్గమున నిజముగా తమకు నచ్చినవానిని గెలిపించుకొను బలమున్నదా లేదా అని తేల్చుటకు మొత్తము జనసంఖ్య చాలదు. టెక్సాస్‌లోనే జరిగిన ఒక ఉదంతము దీనిని చక్కగా చూపును. 2003లో పార్లమెంటు నియోజకవర్గముల గీతలు మార్చుచు, లారేడో నగరమున్న వెబ్ కౌంటీని చీల్చి, సుమారు లక్షమందిని 23వ నియోజకవర్గమునుండి తొలగించిరి. మార్పునకు పిమ్మట అచటి వోటువయస్సు జనములో లాటినోలు సగమునకు కొంచెము మించియే ఉండిరి. పైపైన చూచినవారికి అన్యాయమేమియు కనబడదు. కాని వోటువయస్సు పౌరులలో వారి పాలు 57.5 శాతమునుండి 46 శాతమునకు దిగినది. సగము దాటినట్లు కనబడిన బలము పోలింగు కేంద్రము గడప దాటగనే సగమునకు లోబడినది. 2006లో సుప్రీంకోర్టు ఈ మార్పు చట్టవిరుద్ధమని తీర్పు చెప్పెను. ఆ కనికట్టును బయటపెట్టినది వోటువయస్సు పౌరుల సంఖ్యయే.

భాషల విషయమున కూడ ఈ సంఖ్యకు పని కలదు. 1975లో చేర్చిన నిబంధన ననుసరించి, ఇంగ్లీషు చాలినంత రాని ఒక భాషావర్గపు వోటువయస్సు పౌరులు ఒక కౌంటీలో పదివేలకు మించినను, లేక అట్టి పౌరులలో ఐదు శాతమునకు మించినను, అక్షరాస్యతకు సంబంధించిన మఱియొక నియమమునకు లోబడి, వారి భాషలో వోటుపత్రము నీయవలెను. హారిస్ కౌంటీలో స్పానిష్‌తోపాటు వియత్నాం, చైనా భాషలకును ఇట్లు చోటు దొరికినది. న్యూయార్కు నగరములోని క్వీన్స్ కౌంటీలో 2011 నాటి నిర్ణయమును బట్టి వంగభాషకు ఆ గౌరవము దక్కినది. సముద్రములు దాటిపోయిన ఒక భారతీయ భాష అన్యదేశపు వోటుపత్రముపై నిలిచినదనిన, అది కవిసమ్మేళనముల వలన గాని సన్మానముల వలన గాని కాదు. జనగణన పత్రమును నింపి పంపిన సామాన్యుల వలన.

ఇంతవఱకు ఈ సంఖ్య దీపము వంటిది. చీకటిలో జరుగు అన్యాయమును చూపినది. అయితే దీపమును దీపముగా కాక కొలబద్దగా వాడదలచినవారు కొందఱు బయలుదేరిరి. శాసనసభా స్థానములను మొత్తము జనమును బట్టి కాక, వోటుహక్కు గలవారిని బట్టియే సమానముగా పంచవలెనని వారి వాదము.

ఈ వాదమును తెలియుటకు 1964కు వెళ్లవలెను. అంతకు పూర్వము అలబామా రాష్ట్రపు సెనేటులో ఆరు లక్షలకు పైబడిన జనముగల జెఫర్సన్ కౌంటీకి ఒక సభ్యుడు; 15,417 మందిగల లౌండెస్ కౌంటీకిని ఒక సభ్యుడే. 1964లో సుప్రీంకోర్టు దీనిని కొట్టివేసెను. శాసనసభ్యులు ప్రాతినిధ్యము వహించునది మనుష్యులకు గాని, చెట్లకును ఎకరములకును కాదని ప్రధాన న్యాయమూర్తి వారెన్ చేసిన వ్యాఖ్య ప్రసిద్ధము. కౌంటీలు సమానము కావు, మనుష్యులు సమానులు అని ఆ తీర్పు సారము. అయితే ఏ మనుష్యులు? జనులందఱా, వోటర్లు మాత్రమేనా? ఆనాడు ఆ ప్రశ్నకు నేరుగా జవాబు రాలేదు.

అర్ధశతాబ్దము తరువాత టెక్సాస్‌కు చెందిన ఇద్దఱు వోటర్లు ఆ ప్రశ్నను కోర్టు ముందుంచిరి. రాష్ట్ర సెనేటు స్థానములు 31. మొత్తము జనమును బట్టి చూచిన, మిక్కిలి పెద్ద నియోజకవర్గమునకును మిక్కిలి చిన్నదానికిని తేడా 8.04 శాతము మాత్రమే. వోటర్లను బట్టి చూచిన, తేడా 40 శాతము దాటును. తాము నివసించుచోట పౌరులైన పెద్దలు అధికముగా ఉండుటచేత తమ వోటు పలుచనైనదనియు, పిల్లలును పౌరులు కానివారును అధికముగానున్న చోట వోటు చిక్కనైనదనియు వారి ఫిర్యాదు.

ఈ ఫిర్యాదు తీసిపారవేయదగినది కాదు. ఇద్దఱు వోటర్లలో ఒకని వోటునకు మఱియొకని వోటుకంటె ఎక్కువ బలముండుట ఎవరికిని రుచింపదు. పాలలో నీళ్లు కలిసిన బాధ కొన్నవానికే తెలియును. అయినను 2016 ఏప్రిల్ 4న ఎనిమిదిమంది న్యాయమూర్తులును ఆ వ్యాజ్యమును ఏకగ్రీవముగా త్రోసిపుచ్చిరి. తీర్పు వ్రాసిన న్యాయమూర్తి రూత్ బేడర్ గిన్స్‌బర్గ్ చెప్పిన కారణములలో ఒకటి మన పాఠకులకు ప్రత్యేకముగా పట్టవలసినది. వోటు లేనివారికిని పాలనతో పని కలదు. పిల్లలకు మంచి ప్రభుత్వ విద్య కావలెను. ప్రతినిధి తన హద్దులలోని వారందఱికిని సేవచేయవలసినవాడు అని ఆమె భావము. మొత్తము జనమును బట్టి స్థానములు పంచుట రాజ్యాంగసమ్మతమేనని కోర్టు నిర్ణయించెను. రాష్ట్రములు కోరినచో వోటర్లనుబట్టి పంచుకొనవచ్చునా అను ప్రశ్నను మాత్రము ఆనాడు తేల్చక విడిచెను.

టెక్సాస్ దక్షిణపు సరిహద్దునున్న హిడాల్గో కౌంటీని తలచుకొనుడు. 2020లో అచటి జనము 8,70,781. అక్కడి కుటుంబములలో పిల్లలు ఎక్కువ. కౌంటీల స్థానములు వోటర్లను బట్టియే నిర్ణయమైనచో, బడులెక్కువ కావలసిన ఆ కౌంటీకి బడులను గూర్చి మాటలాడువారు తగ్గుదురు. పిల్లలు తక్కువయైన ప్రాంతమునకు సభలో గొంతు పెరుగును. ఎవరి అవసరము పెద్దదో వారి ప్రాతినిధ్యము చిన్నదగును. ఇది న్యాయమగునా?

చరిత్రను తఱచి చూచినను ఇదియే తేలును. అమెరికా స్త్రీలకు దేశమంతట వోటుహక్కు 1920లో 19వ సవరణముతో వచ్చినది. అంతకుముందు నూటముప్పదియేండ్లుగా వారు జనగణనమున సంపూర్ణ వ్యక్తులుగానే ఎంచబడిరి. అప్పుడు వోటర్లను మాత్రమే ఎంచు పద్ధతి ఉండినచో తల్లులు, అక్కచెల్లెండ్రు రాజ్యాంగపు దృష్టిలో లేనివారే అయియుందురు.

అయితే ఎంచుట ఒక్కటే చాలునా? చాలదనుటకును ఆ చరిత్రయే సాక్ష్యము. 1787 నాటి రాజ్యాంగము బానిసలలో ప్రతి ఐదుగురిని ముగ్గురుగా ఎంచినది. దానివలన దక్షిణ రాష్ట్రములకు ప్రతినిధులు పెరిగిరి. ఆ ప్రతినిధులు బానిసల యజమానులకే సేవచేసిరి. బానిస లెక్కింపబడెను గాని లెక్కచేయబడలేదు. పైగా వాని తలయే వాని సంకెళ్లకు బలము చేకూర్చెను. అంతర్యుద్ధము ముగిసిన పిమ్మట 1868లో 14వ సవరణము ఆ భిన్నమును తుడిచివేసి, మనుష్యులను సంపూర్ణసంఖ్యగా ఎంచవలెనని విధించెను. పన్నులు కట్టని ఆదివాసులను మాత్రము అప్పుడును వెలిగానుంచిరి.

నేటికిని ఆ ఛాయలు లేకపోలేదు. టెక్సాస్‌లోని వాకర్ కౌంటీలో, హంట్స్‌విల్ పట్టణమున, పేరుగన్న చెఱసాలలు కలవు. ఎక్కడెక్కడినుండియో తెచ్చిన ఖైదీలను జనగణనము ఆ కౌంటీవారిగానే ఎంచును. వారిలో పెద్దవయస్సు పౌరులు వోటువయస్సు పౌరుల అంచనాలోను చేరుదురు. కాని ఘోరనేరమునకు శిక్ష అనుభవించుచున్నంతకాలము వారికి వోటు లేదు. చూడుడు, వోటువయస్సు పౌరుల సంఖ్య సయితము వోటర్ల సంఖ్య కాదు. ఈ చిక్కును గమనించియే న్యూయార్కు, మేరీలాండ్ రాష్ట్రములు 2010లో చట్టములు చేసి, నియోజకవర్గములు గీయునప్పుడు ఖైదీలను వారి స్వస్థలములందే ఎంచుటకు పూనుకొన్నవి. తలను ఎంచినచోటనే ఆ మనుష్యుని మంచిచెడ్డలను విచారించు ప్రతినిధియు ఉండవలెనన్నది ఇందలి ధర్మము.

ఈ కథలో తెలుగువారికిని పాత్ర కలదు. డల్లాస్ నగరమునకు ఉత్తరమున కాలిన్, డెంటన్ కౌంటీలున్నవి. 2010లో 7,82,341 గానున్న కాలిన్ జనము 2020 నాటికి 10,64,465 అయినది. ఆ పెరుగుదలలో మన పిల్లలు, మన శిష్యులు ఎందఱో ఉన్నారు. వారు అక్కడ ఇండ్లు కొనిరి, పన్నులు కట్టుచున్నారు, బిడ్డలను అచటి బడులకు పంపుచున్నారు. కాని పౌరసత్వము దక్కినవారు వారిలో కొందఱే. ఉద్యోగమును బట్టి ఇచ్చు స్థిరనివాసపు అనుమతులలో ఏ ఒక్క దేశమువారికిని ఏటా 7 శాతమునకు మించి చెందరాదన్న నియమముండుటచే భారతీయులు ఏండ్ల తరబడి వేచియుందురు. అనుమతి వచ్చిన పిదప పౌరసత్వమునకు సామాన్యముగా మఱియైదేండ్లు కావలెను. అంతవఱకు వారు మొదటి లెక్కలోనివారు, రెండవ లెక్కకు రానివారు. వారి వీధిదీపమును గూర్చి, వారి బిడ్డ బడిని గూర్చి విచారించు బాధ్యత అచటి ప్రతినిధికి ఉన్నదా లేదా అన్న ప్రశ్న మన ఊళ్లలో ఉత్తరము కొఱకు, ఫోను కొఱకు ఎదురుచూచు తల్లిదండ్రులకు పరాయి ప్రశ్న కాదు.

అక్కడ మనవారికి కోరు న్యాయమునే ఇక్కడ ఇతరులకును ఒప్పుకొనుట ధర్మము. పొట్టకూటికై మన పట్టణములకు వచ్చి మేడలు కట్టు కూలీవాని పేరు వోటర్ల జాబితాలో స్వగ్రామముననే ఉండిపోవును. ఎన్నికలనాడు వాడు ఎవరికిని పట్టడు. వాని బిడ్డను బడిలో చేర్చుకొనునప్పుడు "వీరు ఈ ఊరివారు కారు" అను మాట మన నోటనుండి వచ్చినచో, టెక్సాస్‌ను విమర్శించు అర్హత మనకుండదు. మన రాజ్యాంగము 81వ అధికరణమున లోకసభ స్థానములకు జనసంఖ్యనే ఆధారముగా నిలిపినది, వోటర్ల సంఖ్యను కాదు. ఆ ఎంపికలోని ఔదార్యమును మనము గుర్తింపవలెను.

కావున రెండు లెక్కలును కావలెను. దేని పని దానిది. స్థానములను పంచుటకు మనుష్యులందఱిని ఎంచుట తగును. ఆ స్థానములలో బలహీనవర్గముల వోటునకు నిజమైన బలమున్నదా అని పరీక్షించుటకు వోటువయస్సు పౌరుల సంఖ్య తగును. దీపముతో పొలము కొలువరాదు. కొలబద్దను వెలిగించి దారి వెదకరాదు.

మన దేశమున 1988 నాటి 61వ సవరణము వోటువయస్సును 21 నుండి 18కి తగ్గించినది. ఉన్నతపాఠశాల బల్లలపై నేడు కూర్చున్న బాలబాలికలకు కొలది ఏండ్లలో ఆ హక్కు చేతికి వచ్చును. అంతవఱకు వారు వోటర్లు కారు. ప్రజలు మాత్రము అవుదురు. ఉదయమున హాజరుపట్టీ తెఱచి ఒక్కొక్క పేరును పిలుచు ఉపాధ్యాయుడు చేయునది తలల లెక్కయే. కాని పేరు పిలిచినంతనే "ఉన్నానండీ" అని లేచిన పిల్లవాని ముఖమును చూచి, నిన్న రానివాడు ఏల రాలేదని అడుగు ఉపాధ్యాయుడు రెండవ లెక్కను కూడ చేయుచున్నాడు. శాసనసభలు నేర్వవలసిన పాఠము ఇంతే. ఎంచినవారిని మఱువరాదు, వోటు వేయలేనివాడు అడిగినను జవాబు చెప్పవలెను.